ముళ్ల పట్టెడ మొరాకోది, పేరులేని పలకలు ప్రాణహితవి

2025 ఆగస్టు చివర్లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. మొరాకోలో అట్లాస్ కొండల మధ్య బూలెమాన్ దగ్గర దొరికిన స్పైకోమెల్లస్ అనే కవచధారి డైనోసార్ గురించి. దాని మెడ చుట్టూ ఎముక పట్టెడ ఉంది. ఆ పట్టెడలోంచి పొడుచుకొచ్చిన ముళ్లలో పొడవైనవి 87 సెంటీమీటర్లు, అంటే రెండేళ్ల పిల్లాడంత. పక్కటెముకల మీద కూడా ముళ్లే. అవీ చర్మంలో మొలిచి ఊరుకున్నవి కావు, ఎముకకే అతుక్కుపోయినవి. బొమ్మ చూస్తే జంతువా, ముళ్లకంచె చుట్టుకున్న దున్నపోతా అనిపిస్తుంది.

అంతా బాగానే ఉంది. చిక్కంతా శీర్షికలో ఉంది. ‘ప్రపంచంలోకెల్లా పాత ఆంకైలోసార్’ అని శీర్షికలోనే రాసుకున్నారు. ఆంకైలోసార్లంటే ఒంటినిండా ఎముక పలకల కవచం ఉండే డైనోసార్ల శాఖ. దానికి ఆరేళ్ల ముందు, 2019లో, పీటర్ గాల్టన్ అనే పురాజీవ శాస్త్రవేత్త ఒక జర్మన్ పత్రికలో వ్యాసం రాశారు. ఆ శీర్షిక చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఆంకైలోసార్లకు దొరికిన అన్నిటికన్నా పాత ఆనవాలు భారతదేశంలోని కోటా రాతిపొరల్లో ఉందని. ఈ కోటా రాజస్థాన్‌లో పిల్లల్ని ఐఐటీ కోచింగ్‌కు పంపే కోటా కాదు. ప్రాణహిత అవతలి ఒడ్డున, సిరొంచ దగ్గరున్న చిన్న ఊరు. ఆ ఊరి పేరు పెట్టుకున్న రాతిపొరలు నది దాటి ఇవతల ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోకి పరుచుకుని ఉన్నాయి.

అంటే ‘అన్నిటికన్నా పాతది’ అన్న కుర్చీలో ఇద్దరు కూర్చున్నారు. మొరాకో జంతువుకు పేరుంది, వయసు దాదాపు 16.5 కోట్ల ఏళ్లు. ప్రాణహిత జంతువుకు గాల్టన్ లెక్క ప్రకారం అంతకన్నా తక్కువలో తక్కువ దాదాపు 2 కోట్ల ఏళ్లు ఎక్కువ వయసు. కానీ పేరు లేదు. స్పైకోమెల్లస్ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా ‘మరి మనది?’ అనే ప్రశ్న వెంటే వస్తుంది. జవాబు చెప్పాలంటే వయసు లెక్క ఒక్కటే సరిపోదు. మనదానికి పేరెందుకు లేదో చెప్పాలి. అది చెప్పాలంటే తెలంగాణలో కాదు, తమిళనాడులో మొదలుపెట్టాలి.

డైనోసార్లంటే ఏమిటో, ఎలా పోయాయో ఇక్కడ ఏకరువు పెట్టను. కోటా పొరల్లోనే దొరికిన బారాపాసారస్ కథా చెప్పను. కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దాన్ని తవ్వింది 1961 ప్రాంతంలో, టాగూర్ శతజయంతి రోజుల్లో, కాబట్టి జాతి నామంలో టాగూర్‌ను కలిపారు. ఇది చాలామందికి తెలుసు. హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్‌ను బడి పిల్లలుగా చూడనివాళ్లు తక్కువ. యామన్‌పల్లి దగ్గర 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి, ఒకే చోట దొరికాయి. పుర్రె మాత్రం దొరకలేదు. 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఈ కథలో ఏ మలుపు తిరిగినా ఎదురయ్యేది ఆయనే.

ముందు పలకల సంగతి.

2002లో భారత భూవిజ్ఞాన సంఘం పత్రికలో నాథ్, యాదగిరి, మొయిత్రా కలిసి ఒక వ్యాసం వేశారు. ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా పొరల్లో కవచధారి డైనోసార్ ఆనవాళ్లు మొదటిసారి దొరికాయన్నది సారాంశం. శీర్షికలో ‘ఆంధ్రప్రదేశ్’ అని ఉంటుంది, అప్పటికి రాష్ట్రం ఒకటే కదా. దానికి కొత్త పేరేదీ పెట్టలేదు. కవచధారి అన్నారు, ఆగిపోయారు.

కవచపు పలకను చేతిలోకి తీసుకుంటే ఏం చూస్తారు? ఇది ఒంట్లోని అస్థిపంజరంలో భాగం కాదు, చర్మంలోనే పుట్టిన ఎముక. మొసలి వీపు మీద వరసగా ఉండేవి అలాంటివే. పైవైపు ఇంటి కొప్పులా మధ్యలో గట్టు లేచి ఉంటుంది. తిరగేస్తే ఆంకైలోసార్లలో చాలావాటికి అడుగు లోపలికి గుల్లగా, గూనపెంకును బోర్లించినట్టుంటుంది. మొసలి పలకైతే పైభాగమంతా స్ఫోటకం మచ్చల్లాంటి గుంటలుంటాయి, ఒకదాని అంచు మీద ఇంకోటి కూర్చునేందుకు నునుపైన మెట్టు ఉంటుంది. పలక కుడిఎడమలు సమానంగా ఉంటే వెన్ను మీదిది, ఒక పక్కకు ఒరిగి ఉంటే డొక్కలవైపుది. ఇక పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఆంకైలోసార్ ఎముకలో పీచులు నవారు మంచం అల్లికలా అడ్డంగా నిలువుగా పెనవేసుకుని కనిపిస్తాయి. ఈ అల్లిక తక్కిన జంతువుల్లో ఇంత తీరుగా ఉండదు.

కోటా పొరల్లో మొసలి జాతివీ దొరుకుతాయి. కాబట్టి ‘ఇది పలక’ అనగానే ‘ఇది డైనోసార్’ అయిపోదు. గాల్టన్ 2019లో చేసింది ఈ పనే. కవచపు ముక్కల్ని ఒక్కొక్కటిగా చూసి, పోల్చి, ఇవి ఆంకైలోసార్‌వి అని చెప్పారు. అంటే 2002 వ్యాసాన్ని పదిహేడేళ్ల తర్వాత, స్టెగోసార్లనే మరో కవచధారి శాఖ మీదా వాటి చుట్టాల మీదా దశాబ్దాలు పనిచేసిన మనిషి తిరిగి తెరిచారన్నమాట. ఈ పదిహేడేళ్లూ ఎవరూ దాన్ని పెద్దగా ఎందుకు పట్టించుకోలేదు? నాకు కనబడే కారణం 1996లో ఉంది.

అంతకుముందు 1979. ఇదే యాదగిరి, కృష్ణన్ అయ్యసామి కలిసి తమిళనాడు అరియలూరు వైపు, సిరనత్తం దగ్గర దొరికిన శిలాజాల ఆధారంగా ఒక కొత్త జంతువుకు పేరు పెట్టారు: ద్రవిడోసారస్ బ్లాన్‌ఫోర్డి. ద్రవిడ దేశపు బల్లి. రెండో మాట, పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో తిరుచిరాపల్లి ప్రాంతపు రాళ్లను వివరించిన భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫోర్డ్ పేరు. అది స్టెగోసార్ అన్నారు వాళ్లు, అంటే వీపు మీద నిలువు పలకలు, తోక మీద ముళ్లు ఉండే రకం, కవచధారుల్లో రెండో శాఖ. దొరికింది ఒక పుర్రె ముక్క, పన్ను, కటి భాగపు ఎముకలు, కొన్ని పలకలు, ఒక తోక ముల్లు. పుర్రె జానెడు మాత్రం. ముల్లు మధ్యలో ఉబ్బి ఉంది, అది దాని ప్రత్యేకత అన్నారు. మొత్తం జంతువు 3 మీటర్లకు మించదని అంచనా. స్టెగోసార్లలో అది పొట్టిది.

పొట్టిదైనా చెప్పిన మాట చిన్నది కాదు. స్టెగోసార్లు తక్కిన ప్రపంచంలో క్రెటేషియస్, అంటే డైనోసార్ల ఆఖరి యుగం, తొలి భాగంతోనే అంతరించాయి. ద్రవిడోసారస్ దొరికిన తిరుచిరాపల్లి పొరల వయసు దాదాపు 8.8 కోట్ల ఏళ్లు. అంటే అన్నిచోట్లా పోయాక ఒక్క మన దగ్గర మిగిలిందని అర్థం. అప్పటికి భారతదేశం ఆఫ్రికా నుంచి తెగి సముద్రంలో ఈదుకుంటూ ఉత్తరానికి వస్తున్న రోజులు, కాబట్టి ఒంటరి దీవిలో పాత జాతి బతికిపోయిందన్న ఊహ అందరికీ నచ్చింది. 1981లో గాల్టన్ క్రెటేషియస్ కాలపు స్టెగోసార్లన్నిటినీ సమీక్షించారు. అందులో ద్రవిడోసారస్‌కు చోటిచ్చారు.

ఈ దశలోనే ఇంకో పేరు చెప్పాలి, లేకపోతే 1996 అర్థం కాదు. యాదగిరి, అయ్యసామి అదే ప్రాంతంలో కల్లమేడు దగ్గర దొరికిన అతి పెద్ద ఎముకలకు 1980ల చివర్లో బృహత్కాయోసారస్ మాట్లేయి అని పేరు పెట్టారు. మనకు అర్థం చెప్పక్కర్లేదు. అందులో కాలి ఎముక ఒకటి 2 మీటర్ల పొడవు. వాళ్లు దాన్ని మాంసాహారి అనుకున్నారు. 1995లో శంకర్ ఛటర్జీ అది మాంసాహారి కాదని, పొడవు మెడ, ఏనుగు కాళ్ల శాకాహారి అని సరిచేశారు. బారాపాసారస్‌కు పేరు పెట్టిన నలుగురిలో ఆయనా ఒకరు, అప్పటికి అమెరికాలో టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఆ సవరణను లోకం ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సిందే, అంత పెద్ద కాలు మాంసాహారిది కాదు.

సరిగ్గా ఆ మరుసటి ఏడాది ఛటర్జీ, ధీరజ్ కుమార్ రుద్ర కలిసి ఒక పెద్ద వ్యాసం రాశారు. విషయం డైనోసార్లు ఎలా పోయాయన్నది. ఉల్క, దక్కన్ లావా, భూఖండాల చీలిక, అన్నీ అందులో ఉన్నాయి. ఆ సందర్భంలోనే ద్రవిడోసారస్ ప్రస్తావన తెచ్చారు. తాము ఆ చోటికి వెళ్లి చూశామని, బాగా అరిగిపోయిన ఆ కటి ఎముకలూ కాలి ఎముకలూ ప్లీసియోసార్‌వని తేల్చారు. ప్లీసియోసార్ డైనోసార్ కాదు. పొడవు మెడ, తెడ్లలాంటి నాలుగు రెక్కలు ఉన్న సముద్ర సరీసృపం. కవచం ఊసే దానికి లేదు.

నా లెక్కలో కథ మొత్తం ఇక్కడ తిరిగింది.

వాళ్లు చెప్పిన దాంట్లో బలం లేకపోలేదు. సిరనత్తం పొరలు సముద్రపు అడుగున పేరుకున్నవి. ద్రవిడోసారస్ దొరికిన పొరను గుర్తించడమే అమ్మోనైట్లతో గుర్తిస్తారు, అంటే మెలితిరిగిన గవ్వల్లాంటి సముద్ర జీవులతో. సముద్రంలో సముద్రపు జంతువు దొరకడం సహజం. నేల మీది జంతువు కళేబరం నదిలో కొట్టుకొచ్చి సముద్రంలో మునగడం అరుదు. అరుదే గానీ అసాధ్యం కాదు. యూరప్‌లో కవచధారి డైనోసార్లు కొన్ని సముద్రపు పొరల్లోనే దొరికాయి. ఇంగ్లాండులో స్కెలిడోసారస్ దొరికిందీ సముద్రపు రాతిలోనే.

కానీ ఒక సంగతి గమనించాలి. ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఆ పేరు ఒక నిర్దిష్టమైన నమూనాకు కట్టుబడి ఉంటుంది. ద్రవిడోసారస్ అన్న పేరు కట్టుబడి ఉన్నది ఆ పుర్రె ముక్కకి. తుంటి ఎముకకు కాదు, కాలి ఎముకకు కాదు. 1996 తీర్పు చెప్పింది కటి, కాళ్ల గురించి. ఒకవేళ ఆ తుంటి నిజంగా ప్లీసియోసార్‌దే అయినా తేలేది ఇంతే: యాదగిరి, అయ్యసామి రెండు జంతువుల ఎముకల్ని ఒకచోట చేర్చారని. పుర్రె, పలక ఎవరివన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఆ రెండూ ప్లీసియోసార్‌వి కానే కావన్న మాట తర్వాత వినిపిస్తూనే ఉంది. 2017లో గాల్టన్, అయ్యసామి మళ్లీ ఆ మాటే అన్నారు.

ఆ 2017 వ్యాసం అసలు విషయం వేరు, అందుకే దానికి విలువ. కల్లమేడు పొరల్లో, డైనోసార్ల ఆఖరి రోజుల నాటి రాతిలో, స్టెగోసార్ పలక దొరికిందని అంతకుముందొక మాట ఉండేది. అది స్టెగోసార్ పలక కాదు పొమ్మన్నారు ఇద్దరూ. తమవైపు వాదానికి పనికొచ్చే సాక్ష్యాన్ని తామే కొట్టేసి, ద్రవిడోసారస్‌ను మాత్రం ఉంచారు. ఏది దొరికితే అది స్టెగోసార్ అనే మనుషులు అలా చేయరు.

అయినా అప్పటికి ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. ఆ ఇరవై ఏళ్లలో ద్రవిడోసారస్ స్టెగోసార్ల జాబితాల్లోంచి జారిపోయింది. ఉన్నచోట పక్కన ప్రశ్నార్థకం. ఎందుకు అంత తేలిగ్గా జారింది? ఛటర్జీ ఏడాది ముందే అదే ఇద్దరి ఇంకో జంతువును సరిచేశారు, ఆ సవరణ సరైనది. ఒకసారి తప్పు పట్టుబడ్డవాణ్ని రెండోసారి ఎవరూ అడగరు. పైగా బృహత్కాయోసారస్ ఎముకలు నిలవలేదు. వానకు నాని, పగిలి, పొడైపోయాయి. తిరిగి చూద్దామన్నా ఏమీ మిగల్లేదని అదే 2017 వ్యాసంలో రాశారు. 2022లో సౌరభ్ పాల్, అయ్యసామి పాత ఫొటోలు బయటపెట్టాక గానీ అది కల్పన కాదని కొందరికి నమ్మకం కుదరలేదు. ఆ మరుసటి ఏడాది ఇద్దరు విదేశీయులు దాని బరువును వంద టన్నులు దాటించి లెక్క కట్టారు. అది వేరే గొడవ, ఇప్పుడొద్దు.

2002లో కోటా పలకల వ్యాసం వచ్చింది ఈ వాతావరణంలో. రచయితల్లో యాదగిరి పేరుంది. ద్రవిడోసారస్‌కు పేరు పెట్టిన యాదగిరి. కొత్త పేరు పెట్టకుండా ‘కవచధారి డైనోసార్ తొలి ఆనవాలు’ అని ఆగిపోవడంలో ఆ పాత దెబ్బ లేదని నేను అనుకోలేను. ఇది నా ఊహే, వాళ్లెవరూ అలా రాసుకోలేదు. చదివేవాళ్ల సంగతి చెప్పడానికి మాత్రం ఊహ అక్కర్లేదు. ఇండియాలో కవచధారి అనగానే ముందు అనుమానం, ఆ తర్వాతే చదవడం.

ఆ అనుమానానికి ఇంకా పాత పునాది ఉంది. కాలక్రమం వెనక్కి తిరుగుతోంది గానీ తప్పదు. 1923లో భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ మాట్లే జబల్‌పూర్‌లో బడా సిమ్లా కొండ దగ్గర దొరికిన ఎముకలకు లామెటాసారస్ ఇండికస్ అని పేరు పెట్టారు. కటి ఎముకలు, కాలి ఎముక, వాటితో చర్మపు పలకలు గుట్టలుగా. కవచధారి అన్నారాయన. బృహత్కాయోసారస్ పేరులో ‘మాట్లేయి’ ఉన్నది ఈయన గౌరవార్థమే. 1935లో డి.కె. చక్రవర్తి అమెరికా పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. దాని శీర్షికే ఒక ప్రశ్న: లామెటాసారస్ కవచధారి డైనోసారేనా? ఆయన జవాబు, కాదని. మాంసాహారి ఎముకలూ వేరే జంతువుల పలకలూ ఒకే గోతిలో కలిసి దొరికాయని, మాట్లే వాటిని ఒకే జంతువు ఒంటికి తొడిగారని తేల్చారు. ఈ జవాబు నిలబడింది.

ఇంతకీ ఈ చక్రవర్తిగారే అంతకు ఏడాది ముందు, 1934లో, అదే జబల్‌పూర్ పొరల్లో దొరికిన ఒక భుజపుటెముక మీద ఆధారపడి బ్రాకిపోడోసారస్ అని ఒక కవచధారికి పేరు పెట్టారు. స్టెగోసార్ రకం అన్నారు. అది ఈనాడు సందేహాస్పద నామాల పద్దులో ఉంది. ఒకరి కవచం ఊడదీసిన చేత్తోనే ఇంకొకరికి తొడిగారు. తొందర ఒక్క యాదగిరిదే అన్నట్టు మాట్లాడేవాళ్లకు ఈ 1934 గుర్తు చేయాలి.

ఇప్పుడు మొరాకోకు వద్దాం. స్పైకోమెల్లస్‌కు పేరు పెట్టింది 2025లో కాదు, 2021లో. ఆధారం ఒకే ఒక్క ఎముక. పక్కటెముక ముక్క. అదీ శాస్త్రవేత్తలు తవ్వి తీసింది కాదు, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం శిలాజాల వ్యాపారి దగ్గర కొన్నది. దాని మీద నాలుగు ముళ్లు నేరుగా ఎముకకు అతికి ఉన్నాయి. బతికున్న, గతించిన ఏ వెన్నెముక జంతువుకూ అలా లేదు. మొదట ఆ మ్యూజియం శాస్త్రవేత్త సూసన్నా మెయిడ్‌మెంట్ బృందానికే అది నకిలీ కాదు కదా అన్న అనుమానం వచ్చింది. మొరాకో శిలాజాల అంగళ్లలో అతికించి అమ్మే ముక్కలు తక్కువేం కాదు. సీటీ స్కాన్ తీశారు, అతుకులు లేవు. చేపదేమో అనుకున్నారు. పలుచగా కోసి చూశారు, నవారు అల్లిక కనిపించింది. చేపకు అది ఉండదు. ఆంకైలోసార్ అన్నారు, పేరు పెట్టారు. ఆ పేరుకు అర్థం ముళ్ల పట్టెడ అని. విచిత్రమేమిటంటే మెడ పట్టెడ అప్పటికి ఎవరూ చూడలేదు. నాలుగేళ్ల తర్వాత మరిన్ని ఎముకలు బయటపడ్డాయి, పట్టెడ నిజంగానే ఉంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 1979లో పుర్రె ముక్క, పలకలు, ముల్లు చూపించి పేరు పెడితే తొందరపాటు. 2021లో కొనుక్కొచ్చిన ఒక్క పక్కటెముక చూపించి పేరు పెడితే దూరదృష్టి. నేను మెయిడ్‌మెంట్ బృందాన్ని తప్పుపట్టడం లేదు. వాళ్ల చేతిలో ఉన్న ముక్క ప్రపంచంలో ఇంకెక్కడా లేని రకం, కొత్త జాతి అనడానికి అదే చట్టబద్ధమైన ఆధారం. స్కాన్ తీశారు, కోశారు, అనుమానాలన్నీ తామే ముందు అడిగి తామే తీర్చుకున్నారు. 1979లో అరియలూరు ఎముకకు సీటీ స్కాన్ అంటే ఆసుపత్రిలో మనిషికే దొరకని రోజులు. ఇంకో తేడా, బహుశా దీనికన్నా పెద్దది: మొరాకో ముక్కను అనుమానించినవాళ్లకు అది అదే మ్యూజియంలో, అదే నంబరుతో అందుబాటులో ఉంది.

వయసు గొడవ మిగిలింది. అవతలి పక్షం గట్టిగా నిలబడేది ఇక్కడే.

కోటా పొరలు తొలి జురాసిక్‌వి, అంటే క్రెటేషియస్‌కు ముందటి యుగపు తొలి భాగానివి, అన్నది చాలాకాలంగా ఉన్న మాట. అక్కడి సున్నపురాయిలో దొరికే చేపల వల్ల ఆ మాట వచ్చింది. పొలుసులు మెరుస్తూ చెక్కుచెదరకుండా ఉండే ఆ చేపలు 1850లలోనే లండన్ చేరాయి. వాటి పోలికలు యూరప్ తొలి జురాసిక్ చేపలతో కలిశాయి. గాల్టన్ పెట్టుకున్న లెక్క, అంటే ఇంచుమించు 18.4 నుంచి 19.9 కోట్ల ఏళ్లు, ఈ సంప్రదాయం మీదే నిలబడింది. కానీ తర్వాత అదే కోటాలో దొరికిన సూక్ష్మజీవుల గుల్లలూ పుప్పొడి రేణువులూ చూసినవాళ్లు అంత పాతది కాదన్నారు. మధ్య జురాసిక్ అన్నారు కొందరు, ఇంకా ఇటువైపే అన్నారు మరికొందరు. పురాజీవ శాస్త్రవేత్త జి.వి.ఆర్. ప్రసాద్, ఆయన సహచరుడు మన్హాస్ పైకసిగూడెం మట్టిని జల్లెడపట్టి, గుండుసూది తలంత పళ్లు తీశారు. తొలి క్షీరదాల పళ్లు. అందులో డోకోడాంట్ అనే రకం ఒకటి ఉంది, తక్కిన ప్రపంచంలో అది మధ్య జురాసిక్‌కు ముందు కనబడదు. దానికి 2007లో గోండ్‌థీరియం అని పేరు పెట్టారు.

ఆ వాదం సరైనదైతే కోటా వయసు మొరాకో దాకా దిగిపోతుంది, ‘అన్నిటికన్నా పాతది’ అన్న మాట పోతుంది. గాల్టన్ వైపు వాళ్లకు ఒక ఊతం ఉంది. ఆ పళ్లు కోటా పై భాగపు పొరల్లోవి, పలకలు అడుగు భాగంలోవి. పై అంతస్తు ఎప్పుడు కట్టారో తెలిసినంతలో పునాది ఎప్పుడు వేశారో తెలిసిపోదు. కానీ అడుగు భాగానికి ఇదమిత్థంగా వయసు కట్టే లావా పొరో బూడిద పొరో ఎవరూ చూపించలేదు. ఉన్నదల్లా చేపలు, పోలికలు.

రెండో అభ్యంతరం వయసుది కాదు, పోలికదే. తొలి జురాసిక్‌లో కవచం ఉన్న డైనోసార్లు వేరేవీ ఉన్నాయి. ఇంగ్లాండు స్కెలిడోసారస్‌కు ఒళ్లంతా వరసలుగా పలకలే, వాటిలోనూ అడుగు గుల్లగా ఉండేవి ఉన్నాయి. ఆంకైలోసార్లు, స్టెగోసార్లు విడిపోక ముందటి చుట్టమని కొందరు, ఆంకైలోసార్ల వైపు పూర్వీకుడని ఇంకొందరు దాన్ని అంటారు. కోటా పలకలు అలాంటి మరో తొలి కవచధారివి ఎందుకు కాకూడదు? విడి పలకల్ని చూసి శాఖను తేల్చడం అంత తేలిక కాదు. ‘పాతది’ అన్న మాటకు ఎసరు వచ్చేది నిజానికి ఇక్కడి నుంచే, డోకోడాంట్ పళ్ల నుంచి కన్నా.

ఈ రెండు అభ్యంతరాలూ ఉంచుకుని కూడా, నేచర్ శీర్షికలో ‘ప్రపంచంలోకెల్లా’ అన్న మాటకు పక్కన ఒక ‘పేరున్నవాటిలో’ అన్న మాట చేరిస్తే ఎవరికీ నష్టం ఉండేది కాదు. ఉన్న పేర్లతోనే పందెం నడుస్తుంది. పట్టికల్లో, వంశవృక్షాల్లో, పిల్లల పుస్తకాల్లో ఎక్కేది పేరున్నదే. సందేహాస్పదమైనా సరే, ద్రవిడోసారస్ ఈనాటికీ చర్చల్లో ఉంది. లామెటాసారస్‌ను వందేళ్ల తర్వాత కూడా తలుచుకుంటున్నాం. తప్పుగా పెట్టిన పేరుకైనా తగవులో ఒక కుర్చీ దొరుకుతుంది.

ఇందాకటి నుంచి నేను రాస్తున్న జంతువును స్పైకోమెల్లస్ పక్కన పెట్టి పిలవాలంటే ఒక్క మాట లేదు. ‘కోటా పలకలు’ అంటూ వచ్చాను. 2002లో వాళ్లూ అంతకన్నా ఎక్కువ అనలేదు, 2019లో ఆయనా అనలేదు.